మా అన్న అడిగినవన్నీ

సెప్టెంబరు 2

తలుపు తాళం తీశానో లేదో ఒకడు తగులుకున్నాడు. ఒంటి మీద అన్నీ కొత్తవే, చొక్కా మడతలు కూడా పోలేదు. ఈ తూటాకి ఎలుగుబంటి పడుతుందా అని అడిగాడు. ఎలుగుబంటిని ఎక్కడ చూశావు నాయనా అంటే ఫోన్లో అన్నాడు. ఫోన్లో దానికైతే ఏ తూటా అయినా సరిపోతుందని చెప్పాను. నవ్వుకుంటూనే వెళ్ళాడులే, పోతూ పోతూ ఒక టోపీ కూడా కొనుక్కున్నాడు.

వాడి వెనకే ఇంకొకడు. వాళ్ళ బావమరిది ఇంట్లో నింపిన తూటాలు సంచీడు ఇచ్చాడట, తన తుపాకీలో వాడుకోవచ్చా అని. మీ బావమరిది పళ్ళసెట్టు నీ నోట్లో పెట్టుకుంటావా అన్నాను. లేదక్కా అన్నాడు. ఇదీ అంతే, ఎవరి తుపాకీకి నింపుకున్నవి వాళ్ళవేనని చెప్పి ఆ సంచీ అక్కడే పెట్టించాను. మూడోవాడికి ఏ నూనె మంచిదో కావాలి. నాలుగోవాడికి ట్రిగ్గర్ తేలిక చేయాలి. వేలు కుదురుగా ఉంచుకోవడం నేర్చుకో, ట్రిగ్గర్ దానంతటదే తేలికవుతుంది అన్నాను. ఏటా ఇవే. జింకల సీజను దగ్గర పడుతోందంటే చాలు, ఈ కొండల్లో మగాళ్ళందరికీ నాలుక దురద మొదలవుతుంది. మా ఆయన హార్లన్ బతికుండగా చేతిపని ఆయనది, నోటిపని నాది. ఇప్పుడు రెండూ నావే.

మా అన్న ఎల్డన్ వచ్చాడు. స్టవ్ పక్క కుర్చీలో కూర్చున్నాడు, లేచి వెళ్ళాడు. ఏప్రిల్లో వదిన ఐలీన్ పోయినప్పటి నుంచీ ఇదే వరస. ఆలుగడ్డ కూరి పియరోగీలు చేసి పట్టుకెళ్ళి ఇస్తే మూత కూడా తీయలేదు. కాలర్ వదులైపోయింది. నాకు తుపాకీ పట్టుకోవడం నేర్పినవాడు, జిల్లా మొత్తానికి గురి నేర్పినవాడు, ఇంత మంది ఇన్ని చెత్త ప్రశ్నలు అడుగుతుంటే ఒక్కదానికైనా నవ్వలేదు.

పెళ్ళాం పోయిన మగాళ్ళు ఇక్కడ ఏం చేసుకుంటారో తుపాకుల కొట్టు నడిపే దాన్ని, నాకు తెలియనిది కాదు. ఎల్డన్ అలాంటివాడు కాదు.

సెప్టెంబరు 9

ఈరోజు ఒకడికి అమ్మలేదు.

నలభై ఏళ్ళవాడు, నున్నగా గీసుకున్న గడ్డం. గోడ మీదున్న తుపాకీని వేలితో చూపించి అదివ్వండి అన్నాడు. దేనికి అంటే మాట్లాడలేదు. తూటాలు ఏవి వాడాలో అడగలేదు, ఎలా తుడవాలో అడగలేదు, ధర కూడా అడగలేదు. హార్లన్ ఈ కొట్టుకి పెట్టిన నియమం ఒకటే: ఏమీ అడగనివాడికి అమ్మొద్దు. వెయ్యి ప్రశ్నలు వేసి బుర్ర తినేవాడితో భయం లేదు, వాడి బుర్రలో వచ్చే నెల ఉంది, వచ్చే ఏడాది ఉంది. ఏమీ అడగనివాడికి ఈ రోజు తప్ప ఇంకేం లేదు. అనేవాడు హార్లన్.

కొనేవాళ్ళ వివరాలు సరిచూసే కంప్యూటర్ పాడైందని అబద్ధం చెప్పి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. సగం కప్పు తాగి ఏడ్చాడు. వాళ్ళ అక్క నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను. ఆవిడ వచ్చి తీసుకెళ్ళింది.

ఎల్డన్ ఇదంతా స్టవ్ దగ్గర కూర్చుని చూశాడు. పోయేటప్పుడు, మంచి పని చేశావే అన్నాడు. వారంలో వాడు మాట్లాడిన మాట అదొక్కటే.

సెప్టెంబరు 16

అడిగాడు! మా అన్న నోరు విప్పి ఒక మాట అడిగాడు.

తన జింకల తుపాకీ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. భుజానికి ఆనించే కర్ర కోసి పొట్టి చేస్తే మనవరాలు కోర్డీకి సరిపోతుందా, ఎంత కోయాలి, దాని చేతులు ఇంకా పెరుగుతాయి కదా, కోసిన ముక్క దాచిపెట్టి తర్వాత మళ్ళీ అతికించొచ్చా అని వరసపెట్టి అడిగాడు. అచ్చం కొత్త చొక్కావాడిలా. నాకు తెలియనివి నీకు తెలుసు, నువ్వు నన్ను అడగడమేంట్రా అన్నాను. తెలిసినా అడిగితే తప్పా అన్నాడు. తప్పేం లేదు, అడుగు అన్నాను. కోర్డీని రమ్మని చెయ్యి కొలుచుకుంటానన్నాను.

వాడు వెళ్ళాక వెనక గదిలోకి పోయి కాసేపు ఏడ్చాను. సంతోషానికే. ఏప్రిల్ నుంచీ నాలో ఏదో ముడి పడి ఉండిపోయింది, అది విడింది.

సెప్టెంబరు 18

పియరోగీలు తిన్నాడట. గిన్నె కడిగి మరీ తెచ్చిచ్చాడు.

సెప్టెంబరు 27

కోర్డీ వచ్చింది. పన్నెండేళ్ళకే నా చెవుల దాకా ఎదిగింది, వాళ్ళ తాత పోలిక. కర్ర కోశాను, మెత్త బిగించాను, భుజాన పెట్టించి చూశాను. తాతా నాకు సరిగ్గా సరిపోయింది అని అరిచింది. ఎల్డన్ పక్కన నిలబడి చూస్తూ ఉన్నాడు. దాని తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

ఇక అది ఎల్డన్ భుజానికి పనికిరాదు. ఆరడుగుల మనిషి అది పట్టుకుంటే గడ్డానికి తగులుతుంది. పోనీలే, మనవరాలికిచ్చుకున్నాడు, సంతోషమేగా.

అక్టోబరు 6

మళ్ళీ ప్రశ్నలు. ఈసారి పక్కింటి లోవెల్ కోసం. లోవెల్‌కి భుజం ఆపరేషన్ అయింది, ఇంక తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ తట్టుకోలేనని సంసారం వదిలేసినవాడిలా ఇంట్లో కూర్చున్నాడట. తన టర్కీకోళ్ళ తుపాకీ లోవెల్‌కి ఇస్తాడట, దానికి మెత్తగా తన్నే తూటాలు ఏవి, వెనక ఎలాంటి మెత్త వేస్తే బాగుంటుంది, ఎడమ భుజానికి మార్చుకుని కొట్టడం ఈ వయసులో అలవాటవుతుందా అని అడిగాడు. అన్నిటికీ చెప్పాను. కాగితం మీద రాసుకున్నాడు కూడా. లోవెల్ నీ వెనకాల నిన్ను దేవుడంటాడు చూడు అన్నాను. అననీ, వాడి కోసం నేను అడగకపోతే వాడు అడగడు అన్నాడు.

ఎల్డన్ కూతురు, కోర్డీ వాళ్ళమ్మ లారీన్‌కి ఫోన్ చేసి చెప్పాను, మీ నాన్న మళ్ళీ మనిషయ్యాడే అని. లారీన్ కూడా అదే అంది. ఇల్లంతా సర్దుతున్నాడత్తా, అమ్మ బట్టలన్నీ మడతపెట్టి చర్చికి ఇచ్చేశాడు అంది. ఏడాది తిరక్కుండా ధైర్యం చేశాడంటే గొప్పే అన్నాను.

అక్టోబరు 7

హార్లన్ కోట్లు ఇప్పటికీ అలమరలోనే ఉన్నాయి. పన్నెండేళ్ళయింది. ఒక్కొక్కరు ఒక్కోలా.

అక్టోబరు 21

కొట్టు నిండా జనం. నోరు నొప్పి పుట్టింది. చలికి తూటా కిందికి పడుతుందా, గురి చూసే స్కోపుకి పొగమంచు పడితే ఏం రాయాలి, లోపలి గొట్టం తుడిచాక గురి మారుతుందా. అందరికీ చెప్పాను, ఎవడూ వినడు, మళ్ళీ వచ్చే ఏడు అడుగుతాడు.

ఎల్డన్ కూడా వరసలో నిలబడ్డాడు! అందరి వెనక. తన వంతు వచ్చాక, కోర్డీకి తుడవడం ఎన్నిసార్లు నేర్పితే పట్టుబడుతుంది అన్నాడు. నువ్వు నేర్పితే మూడుసార్లు, నేను నేర్పితే ముప్ఫై అన్నాను. నువ్వే నేర్పవే, నీకు ఓపిక ఎక్కువ అన్నాడు. నాకు ఓపిక ఎక్కువట! ఈ ఊళ్ళో ఆ మాట అన్నవాడు వాడొక్కడే, కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబరు 3

నాకు తన చిన్న తుపాకీ ఇచ్చాడు. ఉడతల కోసం చిన్నప్పుడు ఇద్దరం వంతులేసుకుని పట్టుకెళ్ళినది. నీ కళ్ళకి ముందున్న గురిపుల్ల కనిపిస్తోందా, తెల్ల చుక్క పెట్టనా, పచ్చది పెట్టనా అని అడిగి, వాడే కూర్చుని పెట్టాడు. తెల్లది.

నా పుట్టినరోజు మార్చిలో. ఇప్పుడెందుకురా అంటే, మర్చిపోతానేమోనని ముందే ఇస్తున్నాను అన్నాడు. మతిమరుపు మొదలైనట్టుంది, డెబ్బై దాటాయిగా.

నవంబరు 4

మంచి తుపాకీ. గోడకి తగిలించాను.

నవంబరు 5

వాడు ఏమీ అడగకుండా కూర్చున్న రోజుల్లో భయపడ్డాను. ఇప్పుడు అడుగుతున్నాడు. హార్లన్ చెప్పినట్టే. అడిగేవాడితో భయం లేదు.

నవంబరు 19

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పోస్టాఫీసు రాల్ఫ్ తూటాలకి వచ్చాడు. డబ్బా సంచీలో వేసుకుంటూ, సీజను ముందు ఇక్కడ అందరూ అందరినీ అడిగే మాటే అడిగాడు. "అక్కా, మీ అన్న ఈసారి వేటకి ఏ తుపాకీ పట్టుకెళ్తున్నాడు?"

చెప్పడానికి నోరు తెరిచాను. జింకల తుపాకీ కోర్డీది, నేనే కోశాను. టర్కీకోళ్ళది లోవెల్ దగ్గరుంది. చిన్నది నా వెనక గోడ మీదుంది. ఇంకేముంది వాడి దగ్గర? నాన్న రెండు గొట్టాల తుపాకీ ఉంది. అది అడవికోళ్ళకి తప్ప దేనికీ పనికిరాదు, వాటి కోసం తిరిగే కుక్క పోయి రెండేళ్ళయింది. ఇన్ని నెలల్లో అన్నీ ఒకటొకటిగా ఈ బల్ల మీదికి వచ్చాయి. అదొక్కటి రాలేదు. దాని గురించి ఒక్క మాట అడగలేదు.

కోర్డీ భుజం గురించి అడిగాడు. లోవెల్ భుజం గురించి అడిగాడు. నా కళ్ళ గురించి అడిగాడు. అందరి రేపు గురించీ అడిగాడు, ఎందులోనూ వాడు లేడు. నేను అన్నిటికీ పళ్ళికిలించుకుంటూ జవాబులు చెప్పాను.

రాల్ఫ్‌ని కొట్టు చూసుకోమని చెప్పి బండి తీశాను.

వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ఇల్లు అద్దంలా ఉంది. సింకులో ఒక్క కప్పు లేదు. అన్నా, నాన్న తుపాకీ ఇవ్వు అన్నాను. దానికి జింక పడదే అన్నాడు. జింక కోసం కాదని నీకూ తెలుసు నాకూ తెలుసు అన్నాను. కాదనలేదు. కాదంటే బాగుండునని ఎంత అనిపించిందో.

"ఇన్ని అడిగావు కదరా. నీ కోసం ఒక్కటైనా అడగొచ్చుగా."

"నా కోసం ఏం అడగాలో తెలియలేదే." తర్వాత తల ఎత్తి అన్నాడు, "సరే, ఇప్పుడు అడుగుతాను. రోజంతా జవాబులు చెప్తావుగా. ఐలీన్ లేకుండా పొద్దున్నే ఎందుకు లేవాలి?"

ఊరంతటికీ నోరు మూసుకోకుండా చెప్పేదాన్ని. తెలియదన్నా అన్నాను. హార్లన్ పోయినప్పుడు నువ్వెందుకు లేచావు అన్నాడు. కొట్టు తెరవాలిగా, జనం వచ్చి తలుపు కొడతారుగా అన్నాను. మరి నా తలుపు ఎవరూ కొట్టరు అన్నాడు.

తుపాకీ పడగ్గది తలుపు వెనక ఉంది. నేనే వెళ్ళి తీసుకున్నాను. గుమ్మం దగ్గర అడ్డం నిలబడ్డాడు. అది నాన్నది, ఇంటి పెద్దకొడుక్కి వచ్చింది అన్నాడు. నాకూ నాన్నే, జరుగు అన్నాను. జరిగాడు. నా వెనకే బండి దాకా వచ్చాడు, చలిలో చొక్కాతో. లారీన్‌కి చెప్పొద్దన్నాడు. చెప్పాను.

నవంబరు 20

లారీన్ వచ్చి వాళ్ళ నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులిచ్చారు. ప్రతి శుక్రవారం రమ్మన్నారు. సరేనన్నాడట. ఆ ఇంట్లోనే ఉంటుందట కొన్నాళ్ళు, కోర్డీతో సహా.

నేను ఇంకో పని చేశాను. జిల్లాలో మిగిలిన రెండు కొట్లకీ ఫోన్ చేశాను. ఎల్డన్ వస్తే ఏమీ అమ్మొద్దని చెప్పాను. ఎందుకని వాళ్ళు అడగలేదు. అలాగే వెర్నా అన్నారు, గొంతు తగ్గించి. మా అన్న పేరు చెప్పి, వాడి చేతికి ఇవ్వొద్దని నా నోటితో చెప్పాను. ఇక్కడ మగాడికి అంతకంటే అవమానం లేదు.

నవంబరు 24

వెళ్ళాడు. నది అవతలి కొట్టుకి. అడవికోళ్ళ తూటాలు ఒక డబ్బా కొందామనే వెళ్ళానంటున్నాడు. కొట్టువాడు, మా అన్న దగ్గరే చదరంగం నేర్చుకున్నవాడు, ఈరోజు వద్దులే ఎల్డన్ అన్నాడట. వెనక నలుగురు నిలబడి ఉండగా.

తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. గిరాకీలందరూ ఉన్నారు. మా అన్న గొంతెత్తడం నేను ఎప్పుడూ వినలేదు. ఊళ్ళో నన్ను పిచ్చివాణ్ణి చేశావు, దొంగతనం చేశావు, చచ్చేదాకా నిన్ను క్షమించను అన్నాడు.

"అలాగే. చాలా ఏళ్ళు క్షమించకు."

ఒక్కడూ నవ్వలేదు. నేను నవ్వించడానికి అనలేదు.

తూటాలు దేనికి కొనబోయాడో నాకు తెలియదు. తుపాకీ నా దగ్గరుంది కదా. ఊరికే డబ్బా ఒకటి ఇంట్లో ఉండాలని ఉంటుంది కొందరికి. అంతే అయ్యుంటుంది.

నవంబరు 27

థాంక్స్‌గివింగ్ పండగ. ఎల్డన్‌కి కూడా కుర్చీ వేశాను. లారీన్, కోర్డీ వచ్చారు. వాడు రాలేదు. తాతకి గిన్నెలో పెట్టివ్వనా అమ్మమ్మా అని కోర్డీ అడిగితే పెట్టమన్నాను. నేను వండానని చెప్పొద్దన్నాను.

నవంబరు 29

సీజను మొదటి రోజు. కోర్డీ లోవెల్‌తో వెళ్ళింది. జింకేమీ పడలేదు, బురద మాత్రం తల దాకా. ఎల్డన్ పోలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ సీజను మొదటి రోజు వాడు ఇంట్లో ఉండడం ఇదే మొదలు. అడవిలోంచి చప్పుడు వినిపించినప్పుడల్లా కిటికీ దగ్గరికి వచ్చేవాడట. నేనూ ఇక్కడ కిటికీ దగ్గరే ఉన్నాను.

డిసెంబరు 1

తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాడు. భుజాల మీద మంచు. నాన్న తుపాకీ ఇచ్చెయ్ అన్నాడు. ఇవ్వను అన్నాను. వెళ్ళిపోయాడు.

డిసెంబరు 2

ఇచ్చెయ్. ఇవ్వను.

డిసెంబరు 3

ఇచ్చెయ్. ఇవ్వను. కాఫీ పోసి బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదు.

డిసెంబరు 6

నాతో మాట్లాడేది ఆ ఒక్క మాటే. పేరు పెట్టి పిలవడం మానేశాడు. చిన్నప్పటి నుంచీ నన్ను పిట్టా అనేవాడు, ఎవరూ లేనప్పుడు. అది ఇంక వినను. ఎక్కువ బాధ పడకుండా ఉందామని చూస్తాను గానీ, వాడు వెళ్ళాక మొదటి గిరాకీ వచ్చేదాకా చేతులు ఏ పనికీ రావు.

డిసెంబరు 9

రాలేదు. ఎనిమిదయింది, రాలేదు. లారీన్‌కి ఫోన్ చేస్తే నాన్న ఎప్పుడో బయల్దేరాడత్తా అంది. బల్ల దగ్గర ఒకడు స్కోపు గురించి ఏదో అడుగుతూనే ఉన్నాడు, వాడి నోరు కదలడం కనిపిస్తోంది గానీ ఒక్క ముక్క వినబడలేదు. కోటు తొడుక్కుని తాళాలు చేతిలో పట్టుకుని పరిగెత్తాను. ఎదురుగా వాడి బండి వచ్చింది.

టైరు పంచరట. దారిలో మంచులో మోకాళ్ళ మీద కూర్చుని మార్చుకున్నాడట. నీ వల్లే ఈ చలిలో చావాల్సి వస్తోందని నన్ను, కొట్టుని, హార్లన్‌ని కూడా కలిపి తిట్టాడు. మెట్ల మీద కూర్చుని అన్నీ విన్నాను. అంత కమ్మగా నన్ను ఎవరూ తిట్టలేదు. చివర్న ఇచ్చెయ్ అన్నాడు. ఇవ్వను అన్నాను.

డిసెంబరు 15

లారీన్ వచ్చింది. అత్తా, ఆ తుపాకీ మా ఆయన దగ్గర ఎరీ ఊళ్ళో పెడతాను, అక్కడ తాళం ఉంది, నీ మీద కోపం అన్నా పోతుంది నాన్నకి అంది. మంచి మాటే. ఎంత ఆశపడ్డానో. ఇచ్చేస్తే వాడు మళ్ళీ స్టవ్ పక్కన కూర్చుంటాడు, పిట్టా అంటాడేమో.

ఇవ్వనన్నాను. ఎందుకత్తా ఇంత మొండితనం అంది. అది ఇక్కడ లేకపోతే మీ నాన్న పొద్దున్నే లేచి ఎక్కడికి వస్తాడే అన్నాను. అలా అంటానని నోరు తెరిచేదాకా నాకే తెలియదు. లారీన్ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీ నాన్నకి చెప్పకు అన్నాను.

డిసెంబరు 18

ఇచ్చెయ్. ఇవ్వను.

డిసెంబరు 20

పొద్దున్నుంచీ మంచు. వచ్చాడు. ఆ రోజు నేను తుపాకీ అమ్మనివాడిలా నున్నగా గడ్డం గీసుకుని ఉన్నాడు, ఏది మంచిదో ఏది చెడ్డదో ఇంక నాకు తెలియడం లేదు. బల్ల ముందు నిలబడి ఇచ్చెయ్ అన్నాడు. ఇవ్వను అన్నాను. రోజూ తిరిగి పోయేవాడు ఈరోజు పోలేదు. నా మొహం వంక చూశాడు. ప్రేమేం లేదు ఆ చూపులో.

"రేపు ఆదివారం. నువ్వు కొట్టు తెరవవు."

హార్లన్ ఉన్నప్పటి నుంచీ, అంతకుముందు నాన్న నడిపినప్పటి నుంచీ, ఈ కొట్టు ఆదివారం తెరిచింది లేదు.

తెరుస్తాను అన్నాను.